కడప బండలు ఉండనివ్వండి, తలుపులు పెట్టించండి

ప్రశ్న: మాది తాడేపల్లిగూడెం. 1994లో మా మామగారు కట్టించిన రెండు పడక గదుల ఇంట్లో అత్తగారు, మేమిద్దరం, పదో తరగతి చదువుతున్న మా అబ్బాయి ఉంటున్నాం. వంటింట్లో గట్టు కింద, గోడ గూళ్ళలో, అత్తగారూ అబ్బాయీ ఉండే గదిలో అన్నీ కడప బండల అరలే. ఒక్కదానికీ తలుపు లేదు. మా గదిలో ఒక ఇనుప బీరువా తప్ప ఏమీ లేదు. చేతిలో 1,60,000 రూపాయలు ఉన్నాయి. ఒక సంస్థ వాళ్ళు వచ్చి చూసి, బండలన్నీ కొట్టించి ఇల్లంతా కొత్త కప్‌బోర్డులు పెట్టడానికి 4,10,000 అన్నారు. మా ఊరి కార్పెంటరు పెట్టెతో సహా అయితే చదరపు అడుగుకు 1,300, తలుపులు మాత్రమే అయితే 550 అంటున్నాడు. తక్కువైన డబ్బుకు లోను తీసుకుందామని మావారు అంటున్నారు. బండలు తీయించాలా? ప్లైవుడ్, పీవీసీ, అల్యూమినియం వీటిలో ఏది మంచిది? మా గది తూర్పు పడమరలు 11 అడుగులు, ఉత్తర దక్షిణాలు 10 అడుగులు, తలుపు ఉత్తరపు గోడకు ఉంది. దక్షిణపు గోడ అవతల స్నానాల గది. గోడ కింది భాగంలో సున్నం పెచ్చులూడుతోంది. కార్పెంటరు వార్డ్‌రోబ్ ఆ గోడకే పెడతానంటున్నాడు.

జవాబు: మీ ఉత్తరంలో అడగవలసిన ప్రశ్నలన్నీ ఉన్నాయి, కొలతలు కూడా రాశారు కాబట్టి నేరుగా లెక్కలోకి వెళ్దాం. ముందుగా, ఆ బండలు తీయించకండి. కప్‌బోర్డు ఖర్చులో పెద్ద వాటా పెట్టెకు, అంటే పక్కలకు, అరలకు, వెనక పలకకు పోతుంది. ఆ పెట్టెను మీ మామగారు ముప్ఫై ఏళ్ళ కిందటే రాతితో కట్టించి ఇచ్చారు. దానికి చెద పట్టదు, నీళ్ళు పడితే ఉబ్బదు, ఇత్తడి బిందెలు పెట్టినా వంగదు. లేనిది తలుపు ఒక్కటే. పైగా గోడలోకి దించి కట్టిన బండను పెకలించాలంటే చుట్టూ గోడ చెక్కాలి. నాలుగున్నర అంగుళాల అడ్డుగోడ అయితే ఆ దెబ్బలకు అవతలి గది పూత పగుళ్ళిస్తుంది. మట్టి ఎత్తిపోత, గోడకు మళ్ళీ పూత, టైల్సు, వీటి ఖర్చు సంస్థ వాళ్ళ కాగితంలో ఉందో లేదో ఒకసారి చూడండి. సాధారణంగా ఉండదు.

కార్పెంటరు చెప్పిన రేట్లతోనే లెక్క వేస్తాను. మీరు పంపిన కొలతల ప్రకారం వంటగట్టు 14 అడుగుల పొడవు, దాని కింద రెండున్నర అడుగుల ఎత్తు, అంటే 35 చదరపు అడుగులు. వంటింటి గోడ గూడు నాలుగుకు నాలుగు, 16. అత్తగారి గదిలోని గూడు ఐదు అడుగుల వెడల్పు, ఏడు అడుగుల ఎత్తు, 35. ఆ గదిలోని అటక పది అడుగుల పొడవు, రెండు అడుగుల ఎత్తు, 20. మొత్తం 106 చదరపు అడుగులకు తలుపులు మాత్రమే వేయిస్తే 58,300 రూపాయలు అవుతుంది. మీ గదిలో ఏమీ లేదు కాబట్టి అక్కడ ఆరు అడుగుల వెడల్పు, ఏడు అడుగుల ఎత్తున కొత్త వార్డ్‌రోబ్ పెట్టెతో సహా చేయించాలి. 42 చదరపు అడుగులకు 54,600. రెండూ కలిపి 1,12,900. ఇంతే పనిని బండలు తీసేసి అంతా పెట్టెలతో చేయిస్తే ఇదే కార్పెంటరు రేటుకు 1,92,400 అయ్యేది. నేను చెప్పిన పద్ధతిలో మీ చేతిలో ఇంకా 47,100 మిగులుతుంది. ఆ డబ్బు దేనికి కావాలో కింద చెప్తాను. లోను అవసరం మాత్రం నాకు ఎక్కడా కనబడటం లేదు.

కార్పెంటరును పిలిచే ముందు ఒక ఆదివారం పూట మీరు, అత్తగారు కూర్చుని సామాను లెక్క రాయండి. ఈ మాట చెప్తే చాలామంది నవ్వుతారు కానీ, నేను చూసిన ఇళ్ళలో కప్‌బోర్డు చెడిపోయినవాటికంటే కుదరనివే ఎక్కువ. రోజూ తీసేవి, వారానికోసారి తీసేవి, ఏడాదికోసారి తీసేవి అని మూడు వరుసలు రాసుకోండి. రోజూ వాడే పప్పుల డబ్బాలు, పోపుల పెట్టె నడుముకూ కంటికీ మధ్య ఎత్తులో ఉండాలి. పాతిక కిలోల బియ్యం బస్తా, ఆవకాయ జాడీలు నేల దగ్గర, పొయ్యి వేడి తగలని మూలన ఉండాలి. సంక్రాంతి బొమ్మల కొలువు పెట్టె, పెళ్ళి నాటి ఇత్తడి సామాను, చుట్టాలొస్తే తీసే పరుపులు అటక మీదికి పోవాలి. అన్నిటికంటే ఎత్తైన జాడీని, పెద్ద ఇడ్లీ పాత్రను టేపుతో కొలిచి ఆ అంకెలు రాసి పెట్టుకోండి. అర ఎత్తు ఎంత పెట్టమంటారని కార్పెంటరు అడిగినప్పుడు చేత్తో గాలిలో చూపించే అవస్థ తప్పుతుంది.

ఇక బండల గూళ్ళ సంగతి. వీటికి రెండు లోపాలున్నాయి, రెండింటికీ చవకైన మందులున్నాయి. మొదటిది అరకూ అరకూ మధ్య ఎడం. పాత ఇళ్ళలో అడుగున్నర ఎడంతో బండలు వేసేవారు. అందులో చీరలు మడతపెట్టి పేరిస్తే అడుగున ఉన్నది లాగగానే పైవన్నీ కూలిపోతాయి. బండను కదపనక్కరలేదు. ప్లైవుడ్‌తో గూడు వెడల్పుకు సరిపడా, తొమ్మిది అంగుళాల ఎత్తున, రెండు కాళ్ళ పీటలాంటిది చేయించి బండ మీద పెట్టండి. ఒక అర రెండవుతుంది, కడగాలంటే బయటికి తీయవచ్చు. వార్డ్‌రోబ్‌లో మిగిలే ముక్కలతోనే ఇవి వస్తాయి. రెండోది లోతు. గూళ్ళు పదిహేను, పద్దెనిమిది అంగుళాల లోతుకు మించి ఉండవు. హ్యాంగరుకు తగిలించిన చొక్కా అడ్డంగా పట్టాలంటే లోపల ఇరవై రెండు అంగుళాలు కావాలి. కాబట్టి ఆ గూట్లో మడత బట్టలు, పుస్తకాలు మాత్రమే పెట్టి, తగిలించే బట్టలన్నీ మీ గదిలోని కొత్త వార్డ్‌రోబ్‌కు మార్చండి.

గూటికి తలుపు వేసేటప్పుడు ఒక విషయం గమనించాలి. మేస్త్రీ కట్టిన గూడు నాలుగు మూలలూ సరిగ్గా మట్టానికి ఉండదు. పైన ఐదు అడుగులుంటే కింద అర అంగుళం తక్కువో ఎక్కువో ఉంటుంది. నేరుగా గోడకు బందులు బిగిస్తే ఆరు నెలల్లో తలుపు రెక్కలు ఒకదానినొకటి ఒరుసుకుంటాయి. అందుకని ముందు చుట్టూ ఒక చట్రం బిగించి, ఆ చట్రాన్ని మట్టం చూసి నిలబెట్టి, దానికి తలుపులు తగిలించాలి. చట్రానికి పాత కలప అమ్మే దుకాణాల్లో దొరికే టేకు ముక్కలు చాలా నయం. ఎన్నో ఏళ్ళు ఎండిన చెక్క కాబట్టి ఇక కొత్తగా వంకర పోదు. చట్రం అడుగు మాత్రం నేలను తాకకూడదు. కింద నాలుగు అంగుళాల రాయి గానీ సిమెంటు దిమ్మ గానీ ఉంచితే తడిగుడ్డ నీళ్ళూ చెదా రెండూ అంత సులువుగా ఎక్కవు.

ప్లైవుడ్డా, పీవీసీయా, అల్యూమినియమా అన్నారు. ఇంటినంతటికీ ఒకే సరుకు వాడాలని నియమం లేదు. గట్టు కింద, అందులోనూ సింకు కింద, నీళ్ళు తప్పవు. అక్కడ అల్యూమినియం చట్రంలో బిగించిన తలుపులు బాగుంటాయి. అయితే ఆ చట్రం కడ్డీలు లోపల బోలుగా ఉంటాయి, చివరలు మూయకపోతే బొద్దింకలకు అంతకంటే మంచి ఇల్లు దొరకదు. ప్రతి చివరా ప్లాస్టిక్ మూతతోనో సిలికాన్‌తోనో మూయించండి. పీవీసీ తేలిక, నీటికి భయపడదు, కానీ పొయ్యి పక్కన వేడికి మెత్తబడి వంగుతుంది, బందుల దగ్గర మరలు వదులవుతాయి. సింకు కింద ఒక్క అరకు అయితే సరేనంటాను. చెక్క పొట్టును జిగురుతో కలిపి అదిమి చేసే పార్టికల్ బోర్డును మాత్రం వంటింటి దరిదాపులకు రానివ్వకండి. చూడటానికి నున్నగా, ధర తక్కువగా ఉంటుంది. ఒక్కసారి అంచులోంచి నీళ్ళు లోపలికి పోతే నీళ్ళలో వేసిన బిస్కెట్టులా ఉబ్బుతుంది, ఆరినా మళ్ళీ మామూలుగా కాదు. ఊడిన మరను అదే చోట తిరిగి బిగించినా పట్టు ఉండదు.

పడక గదులకు ప్లైవుడ్. షీటు మీద ఐఎస్‌ఐ గుర్తు పైన ఉండే అంకె చదవండి. 710 అంటే మరిగే నీటిని కూడా తట్టుకునే మెరైన్ రకం, 303 అంటే మామూలు వాడకానికి చేసినది. 303లోనే బీడబ్ల్యూఆర్ అని ఉంటే తేమకు ఎక్కువ ఓర్చుకుంటుంది, ఎంఆర్ అని ఉంటే అంత ఓర్చుకోదు. కోస్తా గాలిలో మీ వార్డ్‌రోబ్‌కు 303 బీడబ్ల్యూఆర్ సరిపోతుంది, 710కి పోయి డబ్బు పోయనక్కరలేదు. ముద్ర ఉంటే సరిపోదు, అంచు కూడా చూడండి. పొరల మధ్య వేలిగోరు దూరేంత సందులు కనబడితే ఆ షీటు వద్దనండి. ఎత్తైన తలుపు రెక్కలకు ప్లైవుడ్‌కంటే బ్లాక్‌బోర్డు (లోపల చెక్క పట్టీలు పేర్చి అతికించిన పలక) నయం, ఎందుకంటే పొడవు మీద అది అంత తొందరగా వంగదు. ఏడు అడుగుల రెక్కకు నాలుగు బందులు తప్పనిసరి. మూడుతో సరిపెడతానంటే ఒప్పుకోకండి.

సరుకు మీరే కొనిపెడితే మంచిది, అప్పుడు లెక్క మీ చేతిలో ఉంటుంది. కార్పెంటరు రేటులోంచి సరుకు విలువ తీసేసి కూలి ఎంతో ముందే మాట్లాడుకోండి. షీటు ఎనిమిది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు, అంటే 32 చదరపు అడుగులు. మీ వార్డ్‌రోబ్‌ను రెండేసి అడుగుల వెడల్పున మూడు నిలువు భాగాలుగా చేస్తే రెండు పక్కలు, రెండు అడ్డు పలకలు కలిపి 56, పైనా కిందా 24, తొమ్మిది అరలకు 36, తలుపులకు 42, మొత్తం 158 చదరపు అడుగులు. కోతలో పోయేది కలుపుకుంటే ఆరు షీట్లు కావాలి. వెనక పలకకు ఆరు మిల్లీమీటర్లవి వేరుగా రెండు. ఇక్కడొక చిన్న మెళకువ ఉంది. రెండు అడుగుల లోతు అని చెప్తే నాలుగు అడుగుల షీటు నిలువునా సరిగ్గా రెండవుతుందని అనుకుంటాం, కానీ రంపం తన వంతు పొట్టు తాను తినేస్తుంది. అందుకని లోతు ఇరవై మూడున్నర అంగుళాలు అని చెప్పండి. ఇరవై అయిదు అన్నారో, ప్రతి షీటు నుంచీ పనికిరాని కురచ పట్టీ ఒకటి మిగిలి, రెండు షీట్లు అదనంగా కొనవలసి వస్తుంది. ఏడు అడుగుల పక్కలు కోయగా మిగిలే అడుగు ముక్కలు సొరుగులకు, ఇందాక చెప్పిన పీటలకు వస్తాయి. పని పూర్తయ్యేదాకా ముక్కలు బయట పారేయవద్దని మొదటి రోజే చెప్పండి.

సొరుగులు ఎక్కువ పెట్టించకండి. ఒక్కో సొరుగుకు జత ఛానెళ్ళు (సొరుగు జారే పట్టాలు), పెట్టె చెక్క, కూలి అన్నీ కలిసి మూడు అరల ఖర్చు లాగేస్తుంది. వార్డ్‌రోబ్‌లో రెండు, వంటింట్లో చెంచాలకు, గరిటెలకు ఒకటి చాలు. బండకు ఛానెల్ బిగించడం కష్టం కాబట్టి వంటింటి సొరుగును మూడు వైపుల ప్లైవుడ్ గూడులో చేయించి ఆ గూటినే బండల మధ్యకు తోయించండి.

ఇప్పుడు మీ గది, ఆ దక్షిణపు గోడ. ఇది అన్నిటికంటే ముఖ్యం. పెచ్చులూడే గోడకు వార్డ్‌రోబ్ ఆనించవద్దు. పదేళ్ళ కిందట మా ఇంట్లో నేనే ఈ తప్పు చేశాను. స్నానాల గది గోడే కదా, లోపలి వైపు ఆరే ఉంది కదా అని పెట్టె గోడకు అంటించి బిగింపించాను. మొదటి వానాకాలం గడిచాక అమ్మ గద్వాల చీర మడత విప్పితే జరీ అంచు పొడుగునా తెల్లటి బూజు వరుస కనిపించింది. వెనక పలక వేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోయింది. పెట్టె మొత్తం విప్పి, గోడ ఎండబెట్టి, మళ్ళీ చేయించడానికి మొదటిసారి పెట్టిన ఖర్చులో సగానికి పైగా అయింది. చీర సంగతి అమ్మ ఇప్పటికీ మరిచిపోలేదు.

అందుకని మీ వార్డ్‌రోబ్ పడమటి గోడకు పెట్టండి. గది 11 అడుగుల్లో రెండు అడుగులు దానికి పోతాయి. మంచం తల తూర్పు గోడకు పెడితే ఆరుంపావు అడుగుల పొడవు పోగా మంచం కాళ్ళకూ వార్డ్‌రోబ్‌కూ మధ్య రెండు ముప్పావు అడుగులు మిగులుతుంది. రెక్క వెడల్పు అడుగున్నరకు మించకుండా, మూడు భాగాలకు రెండేసి చొప్పున ఆరు రెక్కలుగా చేయిస్తే మంచం జరపకుండానే తలుపులు బారుగా తెరుచుకుంటాయి. ఆరు అడుగుల వెడల్పు మంచానికి దక్షిణాన ఒక అడుగు, ఉత్తరాన మూడు అడుగులు వదలండి, గది తలుపు తెరుచుకోవడానికి చోటు ఉంటుంది. పడమటి గోడ పది అడుగుల్లో వార్డ్‌రోబ్‌కు ఆరు పోతే నైరుతి మూల మూడు అడుగుల బీరువాకు చోటు దొరుకుతుంది. అత్తగారు వాస్తు పట్టించుకునే మనిషి అయితే ఆవిడకూ అభ్యంతరం ఉండదు. బీరువాను దక్షిణపు గోడకు నాలుగు అంగుళాల ఎడంగా ఉంచి, దానికి రంగు కొట్టించండి. అది ఉక్కు, ఇంకో తరం వస్తుంది. వార్డ్‌రోబ్‌కు పడమటి గోడ నుంచి కూడా అర అంగుళం గాలి సందు వదిలి, వెనక పలకకు గోడ వైపు కూడా లామినేట్ (పైన అతికించే పలుచటి షీటు) గానీ రంగు గానీ వేయించాలి.

దక్షిణపు గోడను ఎలాగూ బాగుచేయించాలి. మీ దగ్గర మిగిలిన 47,100లో మొదటి ఖర్చు అదే. తేమ ఇవతలి పూతలో లేదు, అవతలి స్నానాల గదిలో ఉంది. నేల టైల్సు సందులు, గోడా నేలా కలిసే మూల, కుళాయి వెనకాల గొట్టం, ఈ మూడూ ప్లంబరుతో చూపించి మూయించిన తరువాతే ఇవతల పెచ్చులు చెక్కి, ఆరనిచ్చి, కొత్త పూత వేయించండి. పుట్టీ కొట్టి రంగు వేస్తే సరిపోతుందనే పెయింటరు మాట నమ్మితే మరుసటి శ్రావణానికి అదే మరక అక్కడే వస్తుంది. ఆ తరువాతి ఖర్చు కరెంటు పాయింట్లు, సొరుగుల ఛానెళ్ళు, రంగులు. వరుస కూడా ముఖ్యమే. తేమ పని, కరెంటు పని, మొదటి కోటు రంగు, చెక్క పని, చివరి కోటు రంగు. చెక్క పని అయ్యాక గోడ చెక్కితే కొత్త లామినేట్ నిండా సిమెంటు దుమ్మే.

గట్టు కింద గ్యాసు సిలిండరు పెడతారు కాబట్టి ఆ అర తలుపుకు అడుగున గాలి రంధ్రాలు తప్పకుండా పెట్టించండి. వంటగ్యాసు గాలికంటే బరువైనది. లీకైతే పైకి పోదు, నేల దగ్గరే పేరుకుంటుంది. పైన అందంగా జాలీ పెట్టి కింద మూసేస్తే ప్రయోజనం లేదు. సిలిండరు ఎత్తును రెగ్యులేటరుతో సహా కొలిచి, పైన చేయి దూరేంత చోటు ఉండేలా ఆ అర వదలండి.

కార్పెంటరుతో మాట కాగితం మీద పెట్టుకోండి. చదరపు అడుగు అంటే ముందు వైపు వెడల్పు, ఎత్తుల గుణకారమా, లోపలి అరలు కూడా కొలుస్తాడా అన్నది రాయించండి. చాలా తగాదాలు ఇక్కడే పుడతాయి. బందులు, ఛానెళ్ళు, పిడులు, లోపలి లామినేట్, రవాణా, ఇవి 1,300లో ఉన్నాయా లేవా అన్నది ఒక్కొక్కటిగా రాయించండి. సరుకు మీరు కొంటే కూలి మాత్రమే వారం వారం ఇవ్వండి. చివరి పదో వంతు, పని అయిన నెల తరువాత వచ్చి తలుపులు సరిచేసి వెళ్ళాక ఇస్తానని ముందే చెప్పండి. కొత్త తలుపులు మొదటి నెలలో కాస్త దిగుతాయి, అది అతని తప్పు కాదు. సరిచేయడానికి మళ్ళీ రప్పించడమే అసలు కష్టం.

అటక తలుపులకు 11,000 అవుతోంది. డబ్బు బిగువుగా అనిపిస్తే వచ్చే ఏడాదికి వాయిదా వేయదగినది అదొక్కటే, అంతవరకు ఒక ముతక కర్టెను కట్టినా దుమ్ము ఆగుతుంది. మిగతావి కలిపి చేయించుకోండి.

ఎప్పుడు మొదలుపెట్టాలో మీరు అడగలేదు కానీ, మీ అబ్బాయి పదో తరగతి అన్నారు కాబట్టి చెప్తున్నాను. మార్చి పరీక్షలు ముగిసేదాకా ఇంట్లో రంపం మోగనివ్వకండి. ఈలోగా స్నానాల గది రిపేరు చేయిస్తే దక్షిణపు గోడ ఆరడానికి రెండు నెలలు దొరుకుతాయి. ఏప్రిల్ మొదటి వారంలో వంటింటితో ప్రారంభించి, పడక గదులు తరువాత పెట్టుకోండి. వంటింటి పని పదిహేను రోజుల్లో తెమిలితే మామిడికాయలు దిగే వేళకు ఆవకాయ కలుపుకోవడానికి గట్టు ఖాళీగా ఉంటుంది, కొత్త జాడీలు పెట్టుకోవడానికి తలుపులున్న అర కూడా సిద్ధంగా ఉంటుంది.